లేపాక్షి గుడి కప్పు నుంచి నిమ్మలకుంట తెర దాకా: రెండు రోజుల్లో ఎలా చూడాలి

"లేపాక్షి ఒక్క పూటలో అయిపోతుందా?" "తోలుబొమ్మలాట ఇంకా ఎక్కడైనా ఆడుతున్నారా, మనం వెళ్తే చూపిస్తారా?" "ధర్మవరంలో చీర కొంటే మోసపోకుండా ఎలా?" ఈ మూడు ప్రశ్నలూ నన్ను ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. విడివిడిగా చెప్పి చెప్పి అలసిపోయాను. పైగా మూడింటికీ జవాబు ఒకే తోవలో ఉంది. శ్రీ సత్యసాయి జిల్లాలో గుండ్రాళ్ల గుట్టల మధ్యగా, వేరుశనగ చేల పక్కగా వెళ్లే తోవ అది. రెండు రోజులు పెట్టుకుంటే చాలు.

ముందే ఒక మాట. ఈ మూడు చోట్లకూ ఏ వరసలో వెళ్తారన్నది ముఖ్యం. లేపాక్షి గుడి కప్పు మీది బొమ్మలను ముందు చూడండి. చీరల ఊరు ధర్మవరానికి, తోలుబొమ్మల ఊరు నిమ్మలకుంటకు ఆ తర్వాత వెళ్లండి. కప్పు మీద చూసిన నల్లటి అంచు గీత, పక్కకు తిరిగిన ముఖం, చెవి దాకా సాగిన కన్ను, చీర మీది గళ్లూ పూలూ మీకు తోలు మీదా పట్టు మీదా మళ్లీ ఎదురవుతాయి. వరస తిరగేస్తే మీ చేతికి మిగిలేవి షాపింగ్ సంచులే.

కావలసినవి

- చేతిలో పట్టే చిన్న అద్దం. ఎందుకో రెండో మెట్టులో చెబుతాను.
- ఉంటే బైనాక్యులర్. లేకపోతే ఫోన్ జూమ్‌తో నెట్టుకురావచ్చు.
- మందపాటి సాక్సులు, ఒక్కొక్కరికి ఒక జత.
- రెండు మందపాటి అట్టలు, కాస్త తాడు. తోలుబొమ్మ కొంటే ఇంటికి చెక్కుచెదరకుండా తేవడానికి.
- చిన్న నోటుబుక్కు, పెన్సిలు. బొమ్మలు గీయడం రాకపోయినా ఫర్వాలేదు.
- కొంత నగదు. పల్లెలో సిగ్నల్ లేక ఫోన్ చెల్లింపు ఆగిపోతే ఇబ్బంది పడేది మీరు కాదు, బొమ్మ అమ్మేవాళ్లు.
- నీళ్లు, టోపీ.

నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా హాయిగా ఉంటుంది. వానలు బాగా పడిన ఏడు ఆగస్టు, సెప్టెంబర్‌లలో చేలు పచ్చగా, గుట్టలు కడిగినట్టు ఉంటాయి. నాకైతే ఆ రోజులే ఎక్కువ ఇష్టం. ఏప్రిల్, మే వద్దు. మహాశివరాత్రికి లేపాక్షిలో జనం కిక్కిరిసి ఉంటారు. భక్తితో వెళ్తే సరే, బొమ్మలు చూడటానికైతే ఆ రోజు కుదరదు.

1. ఎటు నుంచి వస్తున్నారో చూసుకుని తోవ ఖాయం చేసుకోండి

బెంగళూరు నుంచి కారులో అయితే 44వ నంబర్ జాతీయ రహదారి మీద కొడికొండ చెక్‌పోస్టు దాకా వచ్చి, అక్కడ ఎడమకు తిరిగి చిలమత్తూరు మీదుగా లేపాక్షికి వెళ్లాలి. మొత్తం సుమారు 120 కిలోమీటర్లు. హైదరాబాద్ వైపు వాళ్లకు రైలే మేలు. బెంగళూరు వెళ్లే రైళ్లు చాలా వరకు ధర్మవరం, హిందూపురం మీదుగానే పోతాయి. వచ్చేటప్పుడు హిందూపురంలో దిగండి, తిరుగు ప్రయాణానికి ధర్మవరంలో ఎక్కండి. అప్పుడు చూసిన దారినే మళ్లీ రానక్కర్లేదు. హిందూపురం నుంచి లేపాక్షి 15 కిలోమీటర్లు. బస్సులు, ఆటోలు ఉంటాయి.

తరచూ జరిగే పొరపాటు: పుట్టపర్తి, లేపాక్షి, తిమ్మమ్మ మర్రిమాను, గండికోట అన్నీ ఒకే శనాదివారాల్లో ఇరికించడం. గండికోట ఈ తోవలోనే లేదు, దానికి వేరే ప్రయాణం పెట్టుకోండి. మూడో రోజు చేతిలో ఉంటే కదిరి దగ్గరి తిమ్మమ్మ మర్రిమానును కలుపుకోవచ్చు. దాదాపు 5 ఎకరాల మేర పరుచుకున్న చెట్టు అది, 1989లో గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కింది. రెండు రోజులే ఉంటే దాని జోలికి పోవద్దు.

2. లేపాక్షి: మొదటి రోజు ఉదయం నుంచి మధ్యాహ్నం దాకా

పొద్దున్నే హిందూపురంలో ఉగ్గాని, బజ్జీ తిని బయలుదేరండి. గుడికి ముందు రోడ్డు పక్కన పెద్ద బసవన్న కనబడతాడు. ఒకే రాతిలో చెక్కింది, ఎత్తు సుమారు 15 అడుగులు, పొడవు 27 అడుగులు. పొద్దుటి ఏటవాలు వెలుగులో మెడలోని గంటల పట్టెడ, ఒంటి మీది నగలు లోతుగా, స్పష్టంగా కనిపిస్తాయి. మధ్యాహ్నమైతే అదే రాయి చదునుగా కనబడుతుంది. అందుకే నంది ముందు, గుడి తర్వాత.

గుడి కూర్మశైలం అనే తాబేలు వీపు లాంటి గుట్ట మీద ఉంది. విజయనగర రాజు అచ్యుతదేవరాయల కాలంలో (1529–1542) పెనుకొండలో అధికారిగా ఉన్న విరూపన్న, ఆయన తమ్ముడు వీరన్న కట్టించారు. చరిత్ర ఇంత తెలిస్తే చాలు, మిగతాది గైడు చెబుతాడు. విరూపన్న కళ్ల కథ, జటాయువును రాముడు "లే పక్షీ" అన్న కథ తప్పకుండా చెబుతాడు. వినండి, బాగుంటాయి. కానీ ఒక సంగతి ముందే మాట్లాడుకోండి: "మాకు కప్పు మీది బొమ్మలు నిదానంగా చూపించాలి" అని. లేకపోతే వేలాడే స్తంభం, సీతమ్మ పాదం, నాగలింగం మూడూ చూపించి అరగంటలో గేటు దగ్గరికి తెచ్చేస్తాడు. తప్పు అతనిది కూడా కాదు, ఎక్కువమంది అడిగేది అవే.

వేలాడే స్తంభం దగ్గర వరస ఎక్కువగా ఉంటే తర్వాత రండి. చూడాలనుకుంటే పల్చటి గుడ్డను ఒక వైపు నుంచి మరో వైపుకు లాగి చూడండి. నేలకూ స్తంభానికీ మధ్య సందు తెలుస్తుంది. ఒక మూల మాత్రం నేలకు ఆనినట్టే ఉంటుంది, గుడ్డ అక్కడ చిక్కుకుంటే గుంజకండి.

ఇప్పుడు అసలు పని. నాట్యమండపంలోకి వెళ్లి ముందు స్తంభాలు చూడండి. రంభ నాట్యమాడుతుంటే తుంబురుడు వీణ పట్టుకుని, బ్రహ్మ మద్దెల వాయిస్తూ, మూడు కాళ్ల భృంగి ఆట నేర్పుతూ ఉంటారు. రాతిలో ఒక కచేరీ నడుస్తోందన్నమాట. తర్వాత తల ఎత్తండి.

తల ఎత్తి అయిదు నిమిషాలు నిలబడితే మెడ పట్టేస్తుంది. ఎక్కువమంది బొమ్మలు చూడకుండా వచ్చేది ఈ కారణానికే. అద్దం తెచ్చింది ఇందుకే. అద్దాన్ని నడుము ఎత్తులో పట్టుకుని కిందికి చూడండి. కప్పు మీ చేతిలోకి దిగి వస్తుంది. ఎడమ కుడి తారుమారవుతాయి, అంతే. పిల్లలకైతే ఇది ఆటలా ఉంటుంది.

ఏం చూడాలి? పొడవాటి పట్టీలుగా కథలు సాగుతుంటాయి. ద్రౌపదీ స్వయంవరంలో అర్జునుడు నీటిలో నీడ చూసి మత్స్యయంత్రాన్ని కొట్టడం, పార్వతీ కల్యాణం, కిరాతార్జునీయంలో అడవిపంది, దూడను పోగొట్టుకున్న ఆవు గంట లాగి మనునీతి చోళుణ్ణి న్యాయం అడగడం. అన్నీ ఒకేసారి వెతకొద్దు. ఒకటి పట్టుకుని దాని మొదలూ చివరా చూడండి. నా ఓటు ఆవు కథకు.

కథ అర్థమయ్యాక బట్టల మీదికి రండి. మగవాళ్ల తలల మీద పొడుగాటి కుళ్లాయిలు, ఆడవాళ్ల చీరల మీద గళ్లు, చుక్కలు, హంసలు, తీగలు. రంగులు కొద్దిగానే ఉంటాయి: కావి ఎరుపు, నలుపు, తెలుపు, ఆకుపచ్చ. నీలం దాదాపు లేదనే చెప్పాలి. అన్నిటినీ పట్టి ఉంచేది నల్ల గీత. నోటుబుక్కులో రెండు చీరల నమూనాలు, ఒక కన్ను, ఒక కుళ్లాయి ఎంత వంకరగానైనా గీసుకోండి. ఫోటో తీస్తే మర్చిపోతాం, చేత్తో గీస్తే గుర్తుంటుంది.

ఆ తర్వాత బయట లతామండపం. అక్కడి స్తంభాల మీద దేవుళ్లకంటే పూల నమూనాలే ఎక్కువ, ఒక వైపు ఉన్నది పక్క వైపు ఉండదు. లేపాక్షి డిజైన్లని చీరల అంచుల మీద మీరు చూసేవి చాలా మటుకు ఇక్కడివే. ఇక్కడా రెండు గీసుకోండి. పక్కనే సగంలో ఆగిపోయిన కల్యాణమండపం, వెనక ఏడు పడగల నాగలింగం. గుండ్రాయి నుంచి శిల్పం ఎలా బయటికి వస్తుందో ఆగిపోయిన కట్టడంలోనే బాగా తెలుస్తుంది.

హెచ్చరికలు:

- ఫ్లాష్ వేయొద్దు, గోడల్ని ముట్టుకోవద్దు. సుమారు 500 ఏళ్ల రంగు అది, ఇప్పటికే చాలా చోట్ల పెచ్చులూడింది.
- బొమ్మలకు పది నుంచి మూడు మధ్య వెలుతురు బాగుంటుంది, ఎండ రాతి నేల మీద పడి కప్పు దాకా ఎగురుతుంది. కానీ అదే వేళలో బయటి బండలు కాలుతుంటాయి. నేను మొదటిసారి మే నెలలో రెండు గంటలకు వెళ్లి, లతామండపం దాకా ఒంటికాలి మీద గెంతుకుంటూ పోయాను. ఆ రోజు నేను చూసిన శిల్పం ఒక్కటీ గుర్తు లేదు, అరికాళ్లు గుర్తున్నాయి. సాక్సులు మర్చిపోకండి.
- దర్శనం వేళలు పండగ రోజుల్లో మారుతుంటాయి. దేవుణ్ణి కూడా చూడాలనుకునేవాళ్లు ఆ పని పొద్దున్నే ముగించుకోండి.

సరిగ్గా చూశారా లేదా? బయటికొచ్చి కూర్చుని ఒక చిన్న పరీక్ష పెట్టుకోండి. కప్పు మీది ఒక కథను మొదటి నుంచి చివరి దాకా పిల్లలకు చెప్పగలరా? ఒక చీర నమూనా చూడకుండా గీయగలరా? రెండూ రాకపోతే మళ్లీ లోపలికి వెళ్లండి. రాత్రి బసకు లేపాక్షిలో పర్యాటక శాఖ హోటల్ ఉంది, హిందూపురంలో లాడ్జీలు బోలెడు.

3. రెండో రోజు పొద్దున పెనుకొండ, గంటన్నర మించకుండా

1565లో తళ్లికోట యుద్ధంలో ఓడాక విజయనగర రాజులు రాజధానిని ఇక్కడికే మార్చారు. కొండ కింద గగన్‌మహల్, ఊళ్లో జైన పార్శ్వనాథుడి గుడి, బాబయ్య దర్గా ఉన్నాయి. కొండ ఎక్కాలంటే సగం రోజు పోతుంది, ఈసారికి వదిలేయండి. ఇక్కడ ఆగమనడానికి కారణం ఒక్కటే: నిన్న చూసిన బొమ్మల్ని చేయించినవాళ్లు ఎలాంటి ఊళ్లో బతికారో తెలుస్తుంది.

4. ధర్మవరం: చీర కొనేటప్పుడు

పెనుకొండ నుంచి ధర్మవరానికి రైలూ రోడ్డూ రెండూ ఉన్నాయి. ముందు దుకాణానికి వెళ్లకండి. మగ్గం ఉన్న ఇంటికి వెళ్లి పది నిమిషాలు చూడండి. వీధుల్లో నడుస్తుంటే చప్పుడే దారి చూపిస్తుంది. అడిగితే చాలామంది లోపలికి రమ్మంటారు. పడుగు (నిలువు పోగులు) ఎలా ఎక్కించారో, అంచు రంగు వేరుగా ఎలా వస్తుందో చూశాక ధర ఎందుకంతో మీకే అర్థమవుతుంది.

కొనేటప్పుడు చూడాల్సినవి:

- పట్టుకు సిల్క్ మార్క్ లేబుల్, చేనేతకు హ్యాండ్లూమ్ మార్క్. రెండూ వేర్వేరు. సిల్క్ మార్క్ ఉన్నంత మాత్రాన చేత్తో నేసిందని కాదు. ఎక్కువమంది పప్పులో కాలేసేది ఇక్కడే.
- చీర అంచు పొడవునా సూదితో గుచ్చినట్టు సన్నటి రంధ్రాల వరస ఉంటే అది సాధారణంగా చేనేతకు గుర్తు. నేసేటప్పుడు బట్టను బిగదీసి పట్టిన గుర్తులవి. ఇదొక్కటే చాలదు, చీర తిరగేసి నేత కూడా చూడండి.
- వదులుగా ఉన్న పోగు ఒకటి అడిగి తీసుకుని, దుకాణం బయట కాల్చి చూడండి. అసలు పట్టు వెంట్రుక కాలిన వాసన వేసి, నలిపితే బూడిదవుతుంది. కృత్రిమ దారమైతే కరిగి గట్టి ఉండ కడుతుంది. దుకాణంలో, చీర దగ్గర మాత్రం ఈ పని వద్దు.
- నోటుబుక్కు తీసి లేపాక్షిలో గీసుకున్న నమూనా చూపించండి. "ఇది మీ దగ్గర ఉందా?" అని అడిగితే బేరం తీరే మారిపోతుంది. నాకొకసారి అలా అడిగాకే పైఅరలోంచి కట్ట దిగింది.

కొనకపోతే కూడా ఏమీ కాదు. చూసి రావడానికీ ధర్మవరం బాగుంటుంది.

5. నిమ్మలకుంట: ముందే ఫోన్ చేసి వెళ్లండి

ఇది ధర్మవరం మండలంలోని చిన్న ఊరు. తోలుబొమ్మలు చేసే కుటుంబాలు ఇక్కడ తరాలుగా ఉన్నాయి. ఇంట్లో వాళ్ల మాట మరాఠీ, ఆటలో పాట తెలుగు. ఈ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది.

అందరూ చేసే పొరపాటు, ఆట రోజూ ఉంటుందనుకుని సాయంత్రం వాలిపోవడం. ఆట రోజూ ఉండదు. పాడేవాళ్లు, మద్దెల వాయించేవాళ్లు, బొమ్మలాడించేవాళ్లు అందరూ ఒకచోట చేరాలి, తెర కట్టాలి. వాళ్లకు వేరే ఊళ్లలో పనులుంటాయి, బొమ్మలు పట్టుకుని మేళాలకు వెళ్తారు. అందుకని కనీసం వారం ముందు మాట్లాడుకోవాలి. ఎంతమంది వస్తున్నారు, ఎంతసేపు చూస్తారు, ఏ ఘట్టం కావాలి, ఎంత ఇవ్వాలి అన్నీ ముందే తేల్చుకోండి. ఒక్క కుటుంబానికి ఖర్చు ఎక్కువనిపిస్తే రెండు మూడు కుటుంబాలు కలిసి వెళ్లండి. లంకాదహనం అడగండి, పిల్లలు కదలకుండా కూర్చుంటారు. మధ్యలో జుట్టు పోలిగాడు, బంగారక్క అనే హాస్యపాత్రలు వచ్చి వేసే జోకులు కాస్త మోటుగా ఉంటాయి. అత్తమామలతో వెళ్తున్నవాళ్లు ముందే చెబితే కాస్త తగ్గిస్తారు. నన్నడిగితే తగ్గించనవసరం లేదు.

ఆట కుదరకపోతే పని చూడండి, అదీ తక్కువేం కాదు. మధ్యాహ్నం మూడింటికల్లా వెళ్తే వెలుతురు ఉంటుంది. ఇప్పుడు వాడేది ఎక్కువగా మేక తోలు. నానబెట్టి, వెంట్రుకలు గీకి, బిగదీసి ఆరబెడితే వెలుగు దూరేంత పల్చటి పొర అవుతుంది. దాని మీద నల్లటి గీతలతో బొమ్మ వేసి, చిన్న ఉలులతో చుక్క చుక్కగా రంధ్రాలు కొడతారు. తెర వెనక దీపం పెట్టినప్పుడు హారాలూ వడ్డాణాలూ మెరిసేది ఆ రంధ్రాల వల్లే. తర్వాత రెండు వైపులా రంగు. భుజాల దగ్గర, మోచేతుల దగ్గర కీళ్లు కట్టి, వెదురు బద్దలు తగిలిస్తారు. పెద్ద బొమ్మలు మనిషంత ఎత్తుంటాయి. పూర్వం ఆముదం దీపాలు పెట్టేవారు, ఇప్పుడు బల్బులు.

ఇక్కడ నోటుబుక్కు మళ్లీ తీయండి. నిన్న గీసుకున్న కన్ను పక్కన ఇక్కడి సీతమ్మ కన్ను పెట్టి చూడండి. మొదట నల్ల గీత, దాని లోపల రంగు, అదే వరస. నాకు ఈ పోలిక కనబడింది మూడోసారి వెళ్లినప్పుడు, అదీ ఒక పెద్దాయన చేయి పట్టుకుని చూపిస్తే.

6. తోలుబొమ్మ, తోలు లాంప్‌షేడ్ కొనేటప్పుడు

ఇప్పుడు వీళ్ల బతుకుతెరువు ఆటకంటే ఎక్కువగా తోలు లాంప్‌షేడ్ల మీద, గోడకు తగిలించే బొమ్మల మీద నడుస్తోంది. కాబట్టి ఏదో ఒకటి కొనండి. చిన్నదైనా సరే. బేరం మరీ పిండకండి, ఒక పెద్ద బొమ్మకు రోజుల తరబడి పని ఉంటుంది.

అసలు తోలా, ప్లాస్టిక్ షీటా? వెలుగుకు ఎదురుగా పట్టండి. తోలు అన్ని చోట్లా ఒకే మందంలో ఉండదు, అక్కడక్కడ సన్నటి నరాల జాడలు కనబడతాయి. ప్లాస్టిక్ అంతా ఒకేలా ఉంటుంది. రంధ్రాల అంచులు వేలితో తడమండి, ఉలితో కొట్టినవి కాస్త గరుగ్గా ఉంటాయి. వెనక్కి తిప్పితే అటు కూడా రంగూ గీతా ఉండాలి. ఒక వైపే అచ్చేసినట్టుంటే పక్కన పెట్టేయండి. అగ్గిపుల్ల గీసి చూసే పరీక్ష ఇక్కడ చేయొద్దు. చీర నుంచి ఒక పోగు తీయవచ్చు, బొమ్మ నుంచి తీయడానికేమీ ఉండదు.

ఇంటికి తెచ్చేటప్పుడు మడవొద్దు. ఒక్కసారి మడత పడితే ఆ గీత ఇక పోదు. నేనొక హనుమంతుణ్ణి సూట్‌కేసులో సగానికి మడిచి తెచ్చాను, ఇప్పటికీ మా గోడ మీద నడుం విరిగినట్టే ఉన్నాడు. రెండు అట్టల మధ్య పరిచి తాడు కట్టండి. మరీ పెద్దదైతే లోపలి వైపు కాగితం పెట్టి వదులుగా చుట్టండి.

ఇంట్లో వేడెక్కే పాత బల్బులు వద్దు, తక్కువ వాట్ల ఎల్ఈడీ పెట్టండి. వేడికి తోలు ముడుచుకుని అంచులు లేస్తాయి. దుమ్మును పొడిగుడ్డతోనే తుడవండి, తడి తగలనివ్వకండి. నేరుగా ఎండ పడే కిటికీ పక్కన పెడితే రంగు వెలిసిపోతుంది. మొదటి వానాకాలంలో వారానికోసారి అంచులు చూడండి. ముడుచుకుంటున్నట్టనిపిస్తే దించి, రెండు అట్టల మధ్య పెట్టి, పైన బరువైన పుస్తకాలు నాలుగు పేర్చి రెండు రోజులు వదిలేయండి. చాలా మటుకు సర్దుకుంటుంది.